సమస్యాపూరణం: దాచినట్టి బొమ్మ దాచలేదు

ఈసారి ఇచ్చిన పాదం ఆటవెలదికి నాలుగోది. అయిదూ సూర్యగణాలే, యతి దా–దా. విషయం లినక్స్‌లో (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) గింప్ అనే ఫోటోలు దిద్దే ప్రోగ్రామ్ ఎక్కించి ఫోటోలు దిద్దుకోవడం. ఛందస్సు ఒక్కటీ కుదిరితే చాలదు. దాచిన బొమ్మ ఎందుకు దక్కలేదో పద్యం చెప్పే కారణం మిషన్ మీద నిజమవ్వాలి.

పలాస నుంచి

లైవులోన గింపు లాఘవమ్ముగ నెక్కె
బొమ్మ దిద్ది దాచె పూర్తి చేసి
ఆపి మరల తెరువ నంతయు మాయమ్ము
దాచినట్టి బొమ్మ దాచలేదు

సమీక్ష (విజయనగరం): కారణం నిఖార్సైనది. పెన్‌డ్రైవ్ మీది లినక్స్‌ను లైవ్‌గా, అంటే డిస్క్ మీదికి ఎక్కించకుండా, నడిపినప్పుడు, ఎక్కించిన గింప్, హోమ్ ఫోల్డర్‌లో దాచిన ఫోటో రెండూ ర్యామ్‌లోనే ఉంటాయి. మిషన్ ఆపితే రెండూ పోతాయి. లోపం అన్వయంలో ఉంది. ‘ఎక్కె’కు కర్త గింపు, ‘దాచె’కు కర్త మనిషి, ఆ మనిషి పద్యంలో ఎక్కడా లేడు. మొదటి పాదం ‘లైవులోన గింపు లక్షణముగ దింపి’ అంటే రెండు పనులూ ఒకరివే అవుతాయి. లక్షణ భగణం, ‘ముగ దింపి’ సలం, యతి లై–ల. ఇబ్బంది లేదు.

రాజాం నుంచి: సవరణ బావుంది మాస్టారూ. లైవ్‌లోనే పని చేయక తప్పనివాళ్లు ఫైల్ మేనేజర్‌లో హార్డ్‌డిస్క్ భాగాన్ని తెరిచి అందులో దాచుకోవచ్చు. అది విండోస్ భాగమైతే ఒక చిక్కుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. అప్పుడు లినక్స్ ఆ భాగాన్ని చదవనిస్తుంది గానీ రాయనివ్వదు. విండోస్‌లో షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ ఇస్తే పూర్తిగా ఆగుతుంది.

సమీక్ష: మంచి చేర్పు. లినక్స్ డిస్క్ మీదికి ఎక్కాక గింప్‌కు రెండు దారులున్నాయి. ఒకటి ఆప్ట్, అంటే ప్రోగ్రాముల ప్యాకేజీలు దింపి ఎక్కించే పనిముట్టు: టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గింప్’. మొదటిది వదిలేస్తే మిషన్ దగ్గర ప్యాకేజీల పాత జాబితా ఉండి, సర్వర్‌లో ఇప్పుడు లేని ఫైలు అడిగి 404 అని ఆగిపోవచ్చు. ఉబుంటు అనే లినక్స్ రకం 24.04లో ఈ దారిన వచ్చే గింప్ 2.10.36. 2025 మార్చిలో విడుదలైన 3.0 తరం కావాలంటే రెండో దారి, ఫ్లాట్‌పాక్ (ఏ లినక్స్ మీదైనా నడిచే ప్యాకేజీల పద్ధతి) పట్టాలి. మింట్ అనే మరో లినక్స్ రకంలో ఫ్లాట్‌హబ్ (ఆ ప్యాకేజీలు దొరికే చోటు) ముందే కలిపి ఉంటుంది. ఉబుంటులో ముందు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫ్లాట్‌పాక్’ ఇచ్చి, ఫ్లాట్‌హబ్‌ను జత చేసుకోవాలి. గింప్‌తో పాటు అది నడవడానికి కావలసిన రన్‌టైమ్ కూడా దిగుతుంది, వందల ఎంబీలు. మొబైల్ డేటా మీద చేసేవారు ముందే చూసుకోండి.

చీపురుపల్లి నుంచి

పొరలు చెడక గింపు భోషాణమున దాచె
జేపెగుగ నెగుమతి చేయలేదు
అచ్చుకొట్టుకేగ నది తెరుచుకొనదు
దాచినట్టి బొమ్మ దాచలేదు

సమీక్ష: వచ్చినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలును భోషాణం అనడం ఎంతో ఒప్పింది. పొరలు (లేయర్లు), మాస్కులు, రాసిన అక్షరాలు అన్నీ విడివిడిగా అందులో భద్రం. 2012లో వచ్చిన 2.8 నుంచి గింప్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ మాత్రమే అవుతుంది. జేపెగ్ కావాలంటే కంట్రోల్ షిఫ్ట్ ఈ. స్టూడియోవాళ్లకు ఇచ్చేది ఈ రెండోదే, ఇంట ఉంచుకునేది మొదటిది. రెండో పాదం, నాలుగో పాదం రెండూ ‘లేదు’తో ముగియడం చెవికి తగులుతుంది. ‘జేపెగుగ నెగుమతి చేయ మరచి’ అంటే సూర్యగణాలు చెడవు, మూడో పాదంలోకి వాక్యం సాఫీగా నడుస్తుంది.

చీపురుపల్లి: ‘చేయ మరచి’ తీసుకున్నానండి. పాస్‌పోర్ట్ ఫోటోకి కొలత కూడా చెప్తాను. 3.5 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 413 × 531 పిక్సెళ్లు. 6 × 4 అంగుళాల కాగితం అంటే 1800 × 1200. అడ్డంగా 4, నిలువుగా 2, మొత్తం 8 పడతాయి, కత్తిరించడానికి సందు కూడా మిగులుతుంది.

ఆమదాలవలస నుంచి: చిన్న జాగ్రత్త. 3.0లో ఫిల్టర్లను పొరకు అంటిపెట్టి దాచిన ఎక్స్‌సీఎఫ్‌ను 2.10 తెరవదు. ఇద్దరు కలిసి పనిచేస్తుంటే ఇద్దరి దగ్గరా ఒకే తరం ఉండాలి. సిరిమాను ఫోటో మీద తెలుగులో రాయాలంటే ‘ఫాంట్స్-టెలు’ ప్యాకేజీ ఆప్ట్‌తో ఎక్కించి గింప్ మూసి తెరవండి. ఇక నా పూరణ.

కాపి యైనదనుచు గాభరాగ పెరికె
సింకు ముగియకుండ చిటికెలోన
ర్యాములోన మిగిలె రాత డ్రైవుకు రాక
దాచినట్టి బొమ్మ దాచలేదు

సమీక్ష: ‘రాత డ్రైవుకు’ దగ్గర ఎవరికైనా అనుమానం రావచ్చు. డ్రై వేరే పదంలోది కాబట్టి ముందున్న ‘త’ లఘువే, ‘రాత డ్రై’ రగణం. కాపీ గీత నిండినా కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) కొంత రాతను ర్యామ్‌లో పట్టి ఉంచి తర్వాత పెన్‌డ్రైవ్ మీదికి పంపుతుంది. ఎజెక్ట్ నొక్కి, తీయొచ్చని చెప్పేదాకా ఆగాలి. టెర్మినల్‌లో ‘సింక్’ కొడితే రాత పూర్తయ్యాకే మళ్లీ ప్రాంప్ట్ వస్తుంది.

బొబ్బిలి నుంచి

రూటు నిండిపోయె రోజును దిగుమతి
చేసి చేసినట్టి చెత్తతోడ
చోటు కొంచెమైన చూడగా నెచటను
దాచినట్టి బొమ్మ దాచ, లేదు

సమీక్ష: రూటు అంటే డిస్క్‌లో లినక్స్ ఉండే ప్రధాన భాగం. ‘దాచ’ దగ్గర విరిచి ‘లేదు’ను చోటుకు అన్వయించడం నేర్పు. ఇప్పుడు ‘దాచినట్టి’ కొంత వృథా అనిపిస్తోంది. నిన్న దాచినదాన్ని మార్చి మళ్లీ దాచబోతే అన్న అర్థం ఎక్కడైనా సూచించండి. చోటు చూడ్డానికి ‘డీఎఫ్ -హెచ్’. ‘సుడో ఆప్ట్ క్లీన్’ దింపిన ప్యాకేజీ ఫైళ్లు తీస్తుంది, ‘ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్’ ఎవరికీ పట్టని రన్‌టైమ్‌లు తీస్తుంది. మీ ఫోటోల జోలికి రెండూ రావు.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే: ‘తాళ మూడెనంట తాకకుండ’

ఆప్ట్ నడపబోతే లాక్ (ఒకేసారి రెండు ప్రోగ్రాములు ప్యాకేజీలను మార్చకుండా వేసే తాళం) దొరకలేదని వచ్చే సందర్భం తీసుకోండి. మామూలుగా వెనకాల అప్‌డేట్ నడుస్తూ లాక్ పట్టుకుని ఉంటుంది, అది ముగిస్తే లాక్ దానంతటదే వదులుతుంది. లాక్ ఫైలు చెరిపేయమనే పూరణలు తీసుకోం, ప్యాకేజీలు సగంలో పాడవుతాయి. కరెంటు పోయి మధ్యలో ఆగిన సందర్భం రాస్తే సగంలో ఆగిన ప్యాకేజీలను పూర్తిచేసే ‘సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ’ సంగతి పద్యంలో గానీ కింద వివరణలో గానీ రావాలి.