టర్బిడిటీ మీటర్ కొంటే ల్యాబు టెస్టు మానేయొచ్చా?

బండలబాబు, తాడిపత్రి:
మాది నల్లబండ పాలిష్ యూనిట్. కోత మిషన్ల నీళ్లు మూడు తొట్లలో తేరుకున్నాక మళ్లీ వాడుకుంటాం, మిగిలింది వాగుకు పోతుంది. వాగుకు వదిలే నీళ్లలో మడ్డి, అదే టీఎస్ఎస్, లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు కదా. ల్యాబుకు పంపితే రిపోర్టుకు మూడు రోజులు పడతాంది. నిన్న ఒకాయన నీళ్ల మసకను కొలిచే టర్బిడిటీ మీటర్ తెచ్చి, అర నిమిషంలో తేలిపోతుంది అన్నాడు. కొనాల్నా, వద్దా?

సిమెంటన్న, ఎర్రగుంట్ల:
కొనప్పా. మూడు రోజులకొచ్చే రిపోర్టు ఏం చేసుకుంటావు? ఆ నీళ్లు అప్పటికి పెన్నలో ఉంటాయి.

ల్యాబక్క, కర్నూలు:
అన్నా, మీటర్ మడ్డిని తూచదు. నీళ్లలోకి వెలుగు పంపి, 90 డిగ్రీల పక్కకు ఎంత చెదిరిందో చూసి, నీళ్ల మసకను ఎన్‌టీయూ అనే కొలతలో చెప్తుంది. ఒక గ్లాసులో కాస్త సున్నం, ఇంకో గ్లాసులో అంతే బరువు ఇసుక తూచి కలిపి చూడండి. బరువు ఒకటే, మసక ఒకటేనా? 100 ఎన్‌టీయూ అంటే 100 మిల్లీగ్రాములే అనుకునేవాళ్లు నాకు నెలకొకరైనా తగుల్తారు. టీఎస్ఎస్ అంటే గాజునార కాగితంతో వడగట్టి, 103–105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారాక తూచాల్సిందే.

సిమెంటన్న:
తూచొద్దని నేనెక్కడన్నా! ఒక ఇరవై శాంపిళ్లు రెండు రకాలుగానూ కొలిచి, ఎంత ఎన్‌టీయూకు ఎంత మడ్డో గ్రాఫు మీద గీత గీసుకుంటే, ఆ తర్వాత రోజూ మీటర్ చాలు. నీళ్లు పాడైన గంటలోనే తెలుస్తుంది.

బండలబాబు:
అక్కా, ఒకటి అర్థం కాలా. డెమోలో పాలలాంటి మొదటి తొట్టి నీళ్లకు 180 చూపించె, తేరుకున్న మూడో తొట్టికి 240. మీటరే తప్పా?

ల్యాబక్క:
మీటర్ తప్పు కాదు తమ్ముడూ. మడ్డి మరీ చిక్కనైతే చెదిరిన వెలుగును ఆ మడ్డే అడ్డుకుంటుంది, అంకె పడిపోతుంది. అవే నీళ్లు ఒక పాలుకు తొమ్మిది పాళ్లు మంచినీళ్లు కలిపి మళ్లీ పెట్టు. పదో వంతుకు దిగాలి. దిగకుండా పెరిగిందంటే ముందు చూపిన 180 దండగ. గాజుబుడ్డి మీద వేలిముద్రలు, నీళ్లలో గాలిబుడగలు ఉన్నా అంకె మారిపోతుంది. అమ్మేవాళ్లు ఇవన్నీ చెప్పరు.

సిమెంటన్న:
ఇది మాత్రం ఒప్పుకుంటా. చిక్కటి మడ్డికి వెనక్కి చెదిరే వెలుగును పట్టే ప్రోబు వేరే ఉంటుంది. మూడో తొట్టికైతే మామూలుదే చాలు.

బండలబాబు:
మేము వారానికి రెండ్రోజులు గ్రానైట్ కూడా కోస్తామన్నా.

సిమెంటన్న:
దాని మడ్డి వేరు కాబట్టి రెండు గీతలు గీసుకో.

ల్యాబక్క:
రెండు నీళ్లూ అవే తొట్లలోకే కదా పోయేది. కలిసినాక ఏ గీత చూస్తాడు?

సిమెంటన్న:
...అదీ నిజమే.

బండలబాబు:
గ్రానైట్‌కు వేరే తొట్టి కట్టిస్తే ఎంతవుతుందో నాయనను అడగాల. తిడతాడు. మీటర్ సంగతి ఆ తర్వాత.