ఏడు పెళ్లిళ్లు ‘అయ్యాయా’, ‘చేసుకుందా’?

టేలర్ జెంకిన్స్ రీడ్ నవల ‘ది సెవెన్ హస్బెండ్స్ ఆఫ్ ఎవెలిన్ హ్యూగో’ (2017) గురించి ఇక్కడ ఒకరు ‘ఏడు పెళ్లిళ్లయిన సినీతార కథ’ అని రాశారు. ఆ ‘అయిన’ దగ్గరే నాకు పేచీ. కథ చివరి మలుపు కూడా చెప్పాల్సి వస్తోంది కాబట్టి, చదవబోయేవారు ఇక్కడితో ఆగితే మంచిది.

‘పెళ్లి చేశారు’ అంటే కర్తలు పెద్దలు. ‘పెళ్లయింది’ అంటే కర్తే కనిపించడు. వాన పడినట్టు అదీ జరిగిపోయింది. ‘చేసుకుంది’ అన్నప్పుడే నిర్ణయం ఆమెది. ‘వండింది’ అంటే ఎవరి కోసమైనా కావచ్చు, ‘వండుకుంది’ అంటే తినేది తానే. సంస్కృతంలో పని ఫలం చేసినవారికే చెందుతుందని చెప్పే క్రియారూపం ఆత్మనేపదం. దానికి దగ్గరి పనిని ‘చేసుకుంది’, ‘వండుకుంది’లలో దాగిన మన ‘కొను’ ఇంత తేలిగ్గా చేసిపెడుతుంది.

ఎవెలిన్‌కు ‘అయిన’ పెళ్లి ఒక్కటీ లేదు. న్యూయార్క్ హెల్స్ కిచెన్ పేదరికం నుంచి హాలీవుడ్ చేరడానికి ఎర్నీ డియాజ్‌ను చేసుకుంది. డాన్ ఆడ్లర్‌ను ప్రేమించి చేసుకుంది, అతని చేత దెబ్బలు తిన్నది. చివరికి తాను జీవితమంతా ప్రేమించిన నటి సీలియాతో కలిసి బతకడం కోసం సీలియా సోదరుడు రాబర్ట్‌ను చేసుకుంది. అన్నిటికన్నా మిక్ రీవా ఘట్టం చూడండి. సీలియాతో తన ప్రేమ గురించి పుకార్లు లేస్తున్నాయని, ఈ గాయకుణ్ణి లాస్ వేగాస్‌లో ఒక్క రాత్రి కోసం చేసుకుంది. ఆమెను తానే బుట్టలో వేశాననుకుంటాడు మిక్. అలా అనుకునేలా చేసింది ఆమె. పుకార్లు ఆగాయి, సీలియా వెళ్లిపోయింది. ‘చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవా’ అన్న సామెతలో ఉన్నదీ ఈ క్రియే. లాభం ఎవరిదో చెప్పే ‘కొను’, నష్టం ఎవరు మోయాలో కూడా చెబుతుంది. ఎవెలిన్ ఆ నష్టాన్ని ఎవరి మీదికీ నెట్టదు. ‘అయిన’ అనడం ఆమె మీద జాలిలా కనిపిస్తుంది గాని, ఆ పట్టుదలనంతా ఆమె నుంచి లాగేసుకుంటుంది.

హ్యారీ కామెరాన్ దగ్గర ఈ లెక్క కొంచెం మారుతుంది. అతను పురుషులను ప్రేమించే మనిషి, ఆమెకు ప్రాణస్నేహితుడు. ఎవెలిన్ హ్యారీని, సీలియా అతని ప్రియుడు జాన్‌ను చేసుకున్నారు. లోకం కళ్లకు రెండు జంటలు. అక్కడ ‘కొను’ నలుగురిదీ.

ఇక ఆ చివరి మలుపు, ఒక కారు ప్రమాదం. నడిపింది హ్యారీ. చనిపోయింది జేమ్స్. హ్యారీ తర్వాతి రోజుల్లో ప్రేమించిన మనిషి, ఎవెలిన్ నోట ఈ కథంతా వింటున్న పాత్రికేయురాలు మోనిక్‌కు తండ్రి. హ్యారీని కాపాడాలని ఎవెలిన్ జేమ్స్ శరీరాన్ని డ్రైవరు సీట్లోకి మార్చింది. నింద చనిపోయినవాడి మీద పడింది, ఏళ్ల తరబడి అతని కూతురు దాన్నే నమ్మింది. ఈ పనికి నేను ‘చేసుకుంది’ అనలేను. హ్యారీ కోసం చేసింది. ఏడు పెళ్లిళ్లనూ క్షమించగలిగిన నేను దీన్ని మాత్రం క్షమించలేకపోతున్నాను.

మరి మోనిక్‌కు తన కథ ‘చెప్పిందా’, ‘చెప్పుకుందా’? చెప్పుకోవడంలో గోడు వెళ్లబోసుకోవడం ఉంది, వినేవారి ఓదార్పు కోసం ఎదురుచూపు ఉంది. అసలు సంగతి తెలిశాక మోనిక్ తనను ద్వేషిస్తుందని ఎవెలిన్‌కు ముందే తెలుసు. కాబట్టి నా ఓటు ‘చెప్పింది’కే. ‘చెప్పుకుంది’ సరైనదనేవారు ఉంటే, ఏ ఘట్టాన్ని బట్టి అంటున్నారో రాయండి.