అప్‌డేట్: సిగరెట్ మానేశాక పెరిగిన బరువు, 5 నెలల తర్వాత

మానేసిన రెండు నెలల్లోనే 5 కిలోలు పెరిగాను, మళ్లీ మొదలుపెడితే తగ్గుతానా అని అడిగాను కదా. ఓపిగ్గా తిట్టినవాళ్లందరికీ థాంక్స్. మళ్లీ ముట్టలేదు.

నికోటిన్ ఆకలిని అణచిపెడుతుంది, ఒంట్లో కేలరీలు కాస్త ఎక్కువ ఖర్చయ్యేలా చేస్తుంది. అది ఆగగానే రెండూ తిరగబడతాయని డాక్టరుగారు చెప్పారు. మొదటి ఏడాది 4, 5 కిలోలు పెరగడం మామూలేనట, అదీ ఎక్కువగా మొదటి 3 నెలల్లోనే.

నా విషయంలో అసలు దొంగ ఆఫీసు కింద టీకొట్టు. సిగరెట్ లేని చేతికి ఏదో ఒకటి కావాలిగా! టీకి రెండు ఉస్మానియా బిస్కెట్లు, రోజుకు నాలుగు టీలు. లెక్కేసుకోండి. పైగా నాలుకకు రుచి తిరిగొచ్చింది. ఇంట్లో గోంగూర పచ్చడి ఇంత బాగుంటుందని పదిహేనేళ్ల తర్వాత తెలిసింది.

ఇప్పుడు జేబులో సోంపు, పుట్నాలు. టీలు రెండే, చక్కెర లేకుండా. రాత్రి అన్నం తిన్నాక సిగరెట్ గుర్తొచ్చే ఆ పది నిమిషాలు మా వీధి చుట్టూ నడుస్తున్నాను.

2 కిలోలు తగ్గాను. మిగతా 3 కదలట్లేదు. రెండు ప్యాంట్లు టైలర్ దగ్గర వదులు చేయించాను. మూడో అంతస్తు ఎక్కితే మాత్రం ఆయాసం లేదు.