బ్రిటన్‌లో పాత ఇల్లు కొన్నాం: ఇన్సులేషన్ గ్రాంట్ తీసుకుంటే వీసాకు ఇబ్బందా?

రెడింగ్ నుంచి

అందరికీ నమస్కారం. మాది కూకట్‌పల్లి. మా వారిది స్కిల్డ్ వర్కర్ వీసా. ఈ మధ్యే లోన్ మీద ఒక సెమీ డిటాచ్డ్ ఇల్లు కొన్నాం, 1930లలో కట్టినది. హీటింగ్ ఆపిన అరగంటకే ఇల్లంతా చల్లబడిపోతోంది. గ్యాస్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. నిన్న ఒకాయన తలుపు కొట్టి, గవర్నమెంట్ గ్రాంట్ మీద గోడలకూ అటకకూ ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా వేసే పొర) ఉచితంగా చేయిస్తానన్నాడు. పాపకు చైల్డ్ బెనిఫిట్, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యం, వస్తోందా అని అడిగాడు. రాదంటే, అప్లై చేసుకోండి, అదుంటే పని తేలికవుతుంది అన్నాడు. శనివారం కాగితాలు పట్టుకొస్తాడట. మా వీసా మీద పబ్లిక్ ఫండ్స్ తీసుకోకూడదని ఉంది కదా, మరి ఈ గ్రాంట్లు మాకు వర్తిస్తాయా? నాన్నగారేమో రోజూ ఫోన్ చేసి, "మన డాబా మీద సోలార్‌కు 78 వేలు సబ్సిడీ వచ్చింది, మీరూ పెట్టించుకోండి" అంటున్నారు. ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సైనిక్‌పురి, హైదరాబాద్ నుంచి

అమ్మా, మిగతావన్నీ తర్వాత. చైల్డ్ బెనిఫిట్‌కు మాత్రం అప్లై చేయకండి. మీ వీసా షరతులో చెప్పే పబ్లిక్ ఫండ్స్ అంటే ప్రభుత్వం పెట్టే ప్రతి పైసా అని కాదు. ఇమ్మిగ్రేషన్ రూల్స్‌లో దానికో జాబితా ఉంది. యూనివర్సల్ క్రెడిట్, హౌసింగ్ బెనిఫిట్, కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను) తగ్గింపు, చైల్డ్ బెనిఫిట్ అన్నీ అందులోవే. వాటిలో ఒకటి తీసుకుంటే షరతు తప్పినట్టే. రేపు వీసా పొడిగింపు దగ్గరా, తర్వాత పీఆర్ దగ్గరా అది మెడకు చుట్టుకుంటుంది. తలుపు కొట్టిన మనిషికి మీ వీసాతో పని లేదు, తన కేసు నడిస్తే చాలు.

అతను అది ఎందుకు అడిగాడో కూడా చెబుతాను. 2022 జూలైలో మొదలైన ఈసీవో4 అనే ఇళ్ల ఇన్సులేషన్ పథకం ఎక్కువగా బెనిఫిట్లు అందుకునే, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల కోసం పెట్టినది. ఆదాయం ఒక హద్దు లోపల ఉంటే చైల్డ్ బెనిఫిట్ కూడా దానికి అర్హతగా లెక్కలోకి వచ్చేది. 2025 నవంబర్ బడ్జెట్‌లో ఆ పథకానికి ముగింపు ప్రకటించారు. బెనిఫిట్లతో పని లేకుండా కౌన్సిల్ టాక్స్ బ్యాండ్ చూసి ఇచ్చిన గ్రేట్ బ్రిటిష్ ఇన్సులేషన్ స్కీమ్ కూడా 2026 మార్చి వరకే అని ముందే పెట్టుకున్న గడువు.

నేను చాలా ఏళ్లు లెస్టర్‌లో ఇళ్లకు ఈపీసీ సర్వేలు (ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో A నుంచి G వరకు రేటింగ్ ఇచ్చే పత్రం కోసం) చేశాను. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నా, మనవాళ్లు ఇలాంటివి అడిగితే ఊరుకోలేను. ఎందుకంటే ఉచితం అన్న మాట వెనక ఎంత నష్టం జరిగిందో ఆ ఇళ్ల గోడల మీదే చూశాను. 2025 అక్టోబర్‌లో బ్రిటన్ నేషనల్ ఆడిట్ ఆఫీస్ ఇచ్చిన నివేదిక చూడండి. ఈ రెండు పథకాల కింద గోడలకు బయటి వైపు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు సరిచేయాల్సిన పెద్ద లోపాలు ఉన్నాయని అందులో తేలింది. పని తెలియని వాళ్లు సబ్ కాంట్రాక్టుల మీద వచ్చి, కిటికీ అంచులూ చూరు కిందా సరిగా మూయకుండా వెళ్లిపోతే, లోపలికి దిగిన వాన నీరు బయటికి పోయే దారి ఉండదు. గోడకు చెమ్మ, మూలలకు నల్ల బూజు, పిల్లలకు దగ్గు. అది తీయించడానికి అయ్యే ఖర్చు ముందు మిగిలిన బిల్లు కంటే ఎన్నో రెట్లు. శనివారం అతను వస్తే కాగితాలు ఇచ్చి వెళ్లమనండి, సంతకం పెట్టకండి. ఒకవేళ మీవారు ఇప్పటికే దేనిమీదైనా పెట్టేసి ఉంటే, ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు చట్టంలోనే ఉంది. ఈమెయిల్‌లో రాసి పంపండి, ఫోన్‌లో చెప్పి వదిలేయకండి. అటకలో స్ప్రే ఫోమ్ కొడతామంటే అసలే ఒప్పుకోవద్దు. అది ఉన్న ఇళ్లకు లోన్ ఇవ్వని బ్యాంకులు చాలా ఉన్నాయి. రేపు ఇల్లు అమ్మాలన్నా కష్టమే.

ఇక మీకు నిజంగా వర్తించేది బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2022లో మొదలైంది. రేడియేటర్లకు నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్ తీసేసి, బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంప్ పెట్టించుకుంటే 7,500 పౌండ్లు ఇస్తారు. మొదట్లో 5,000 ఉండేది, 2023 అక్టోబర్ 23న పెంచారు. దీనికి ఆదాయ పరిమితి లేదు, బెనిఫిట్లతో సంబంధం లేదు, పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఇది లేదు. ఇల్లు మీ పేరున ఉండాలి, లోన్ మీద ఉన్నా పర్వాలేదు. ఈపీసీ కూడా అడగొచ్చు, దగ్గర ఉంచుకోండి, అది పదేళ్లు పనిచేస్తుంది. ఇక్కడ నాన్నగారి సోలార్ పద్ధతి వేరు: పీఎం సూర్యఘర్ పథకంలో ముందు మనమే డబ్బు కట్టి, మీటర్ బిగించి తనిఖీ అయ్యాక సబ్సిడీ మన ఖాతాలో పడుతుంది. అక్కడ ఎంసీఎస్ సర్టిఫికెట్ (హీట్ పంప్ లాంటివి బిగించేవాళ్లకు ఇచ్చే నాణ్యత గుర్తింపు) ఉన్న కంపెనీయే, గ్యాస్, కరెంటు రంగాల నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్‌కు దరఖాస్తు పెట్టుకుంటుంది, మీకిచ్చే బిల్లులో ఆ 7,500 ముందే తగ్గించి రాస్తుంది. ఎవరైనా గ్రాంట్ తర్వాత వస్తుంది, ముందు మొత్తం కట్టండి అంటే ఆ కంపెనీని వదిలేయండి.

కానీ గ్రాంట్ ఉందని హీట్ పంప్ దగ్గరే మొదలుపెట్టకండి. అటకలో ఇన్సులేషన్ లేని ఇంట్లో ఎంత వేడి చేసినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. మన హైదరాబాద్‌లో డాబా గురించి ఆలోచించేది వేడి లోపలికి రాకుండా. తెల్ల పెయింట్ వేయిస్తాం, 2023లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ కూడా అందుకే. అక్కడ పైకప్పు పని వేడిని లోపలే పట్టి ఉంచడం. అటకలో ఏమీ లేని ఇంట్లో దాదాపు పావు వంతు వేడి పైకప్పు నుంచే పోతుంది. నిచ్చెన వేసుకుని చూడండి. ఉన్ని పరుపులా పరిచిన ఇన్సులేషన్ 270 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పాత ఇళ్లలో 100 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఈ పనికి మీకు గ్రాంట్ దొరక్కపోవచ్చు, అయినా సొంత డబ్బుతో చేయించండి. అన్నింటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా కనిపించేది ఇదే. కంపెనీ చేత వేయిస్తే 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా. కొటేషన్‌లో 20 శాతం వేసి ఉంటే గట్టిగా అడగండి. సామాను మీరే కొని పరుచుకుంటే మాత్రం ఆ మినహాయింపు రాదు.

గోడల సంగతి తొందరపడి తేల్చేది కాదు. 1920ల తర్వాత కట్టినవాటిలో చాలా ఇళ్లకు రెండు వరసల ఇటుకల మధ్య ఖాళీ ఉంటుంది. బయట నిలబడి చూడండి. ఇటుకలన్నీ పొడవు వైపే కనిపిస్తే ఖాళీ ఉన్న గోడ. మధ్య మధ్యలో పొట్టి ముఖాలు కనిపిస్తే గట్టి గోడ. కిటికీ దగ్గర మందం కొలిస్తే 26 సెంటీమీటర్లు దాటితే ఖాళీ ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఖాళీని నింపేముందు చిన్న రంధ్రం చేసి కెమెరాతో లోపల చూడాలి. చూడకుండానే నింపుతామన్న వాళ్లకు ఇల్లు అప్పగించవద్దు.

ఇంకో విషయం మన వంటింటిది. అన్నం, పప్పు, కుక్కర్ ఆవిరి, దానికి తోడు రేడియేటర్ మీద ఆరేసిన బట్టలు. కిటికీ సందులు మూసేశాక ఈ తేమంతా ఇంట్లోనే ఉండిపోతుంది. సందులు మూయించే రోజే వంటింట్లో, స్నానాల గదిలో గాలి బయటికి నెట్టే ఫ్యాన్లు పనిచేస్తున్నాయో లేదో చూపించండి. ఆ ఫ్యాన్ గాలిని బయటికి పంపాలి, మళ్లీ గదిలోకే తిప్పి వదిలే రకం మన వంటకు సరిపోదు.

సోలార్ గురించి నాన్నగారికి ఇలా చెప్పండి. బ్రిటన్‌లో మీలాంటి ఉద్యోగస్తుల ఇంటి సోలార్‌కు 78 వేల లాంటి సబ్సిడీ లేదు. వ్యాట్ ఉండదు, మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పంపితే 2020లో వచ్చిన స్మార్ట్ ఎక్స్‌పోర్ట్ గ్యారంటీ కింద డబ్బు ఇస్తారు. మంచిదే, కానీ మీ బాధ డిసెంబర్ చలి. ఆ నెలలో ఎండే తక్కువ, ప్యానెళ్లు చేసేదీ తక్కువే. తర్వాత ఆలోచించండి.

గ్లాస్గో నుంచి

అక్క చెప్పింది ఇంగ్లండ్, వేల్స్‌లకు. స్కాట్లండ్‌లో హీట్ పంప్‌కు హోమ్ ఎనర్జీ స్కాట్లండ్ ద్వారా 7,500 పౌండ్ల గ్రాంట్, పైగా అంతే మొత్తం వడ్డీ లేని లోన్ ఉంటాయి. ఇక్కడ దరఖాస్తు ఇంటివాళ్లే పెట్టుకోవాలి, మంజూరు ఉత్తరం వచ్చేదాకా పని మొదలుపెట్టకూడదు. అద్దెకు ఉన్నవాళ్లకో మాట: ఇంగ్లండ్, వేల్స్‌లలో 2020 ఏప్రిల్ నుంచి అద్దె ఇళ్లకు ఈపీసీలో కనీసం 'E' రేటింగ్ ఉండాలి, మినహాయింపు రిజిస్టర్ చేసుకుంటే తప్ప. అంతకంటే తక్కువగా F, G ఉన్న ఇంట్లో వణుకుతూ కూర్చోకండి, ఓనర్‌ను అడగండి.

రెడింగ్ నుంచి

అక్కా, మీరు చెప్పకపోతే శనివారం సంతకం పెట్టేసేవాళ్లం. చాలా థాంక్స్. మా బాయిలర్ నాలుగేళ్ల కిందటిదే, కాంబీ (ట్యాంకు లేకుండా కుళాయి నీళ్లు అప్పటికప్పుడు కాచే రకం). 7,500 ఇస్తున్నప్పుడే హీట్ పంప్‌కు మారడం మంచిదా? పక్కింటికీ మాకూ మధ్య జాగా కూడా తక్కువ.

సైనిక్‌పురి, హైదరాబాద్ నుంచి

జాగా గురించి బెంగ వద్దమ్మా. హీట్ పంప్ సరిహద్దుకు మీటరు దూరంలో ఉండాలన్న నిబంధనను ఇంగ్లండ్‌లో 2025 మేలో తీసేశారు. పక్కింటికి దాని శబ్దం ఎంత వినిపిస్తుందన్న లెక్క మాత్రం కంపెనీ చూపించాలి.

నాలుగేళ్ల బాయిలర్‌ను ఇప్పుడే తీయించమని నేను చెప్పను. గ్రాంట్ పోగా కూడా మీ చేతి నుంచి ఐదారు వేల పౌండ్లు పడొచ్చు. పైగా అక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కు దాదాపు నాలుగు రెట్లు. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తే బిల్లు గ్యాస్ కంటే తగ్గదు. నాలుగు దగ్గరికి చేరితేనే గ్యాస్‌తో సమానంగా నిలుస్తుంది. అక్కడికి చేరాలంటే ఇల్లు వేడిని పట్టి ఉంచాలి, రేడియేటర్లు పెద్దవి కావాలి. కంపెనీ వాళ్లు ప్రతి గదికీ వేడి నష్టం విడివిడిగా లెక్కగట్టకుండా ధర చెబితే ఆ కొటేషన్ నమ్మకండి.

ఈ చలికాలమే పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష చేయండి. బాయిలర్ మీద రేడియేటర్ గుర్తు ఉన్న ఉష్ణోగ్రతను 60కి తగ్గించండి. కాంబీ కాబట్టి కుళాయి వేడినీళ్ల సెట్టింగ్ వేరుగా ఉంటుంది, దాన్ని కదపకండి. వేడినీళ్ల ట్యాంకు ఉన్నవాళ్లు మాత్రం ఇలా తగ్గించే ముందు హీటింగ్ ఇంజినీరును అడగాలి, ట్యాంకులో నీళ్లు చల్లబడితే బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 దగ్గర గ్యాస్ కూడా కొంత ఆదా అవుతుంది. అటక పని అయ్యాక, బాగా చలిగా ఉన్న రోజుల్లో 50కి దించి చూడండి. గదులు నెమ్మదిగానైనా వెచ్చబడితే మీ రేడియేటర్లు హీట్ పంప్‌కు సరిపోతాయి. ఏ గది వెచ్చబడదో ఆ గది రేడియేటర్ మార్చాలి.

గవ్ డాట్ యూకేలో మీ పోస్ట్‌కోడ్ కొడితే ఇంటి ఈపీసీ ఉచితంగా కనిపిస్తుంది. అందులో గోడలు, పైకప్పు అన్న వరసల ఎదురుగా ఏం రాసి ఉందో, కిటికీ దగ్గర గోడ మందం ఎంత వచ్చిందో ఇక్కడ పెట్టండి. శనివారం లోపే పెడితే అతనికి ఏం చెప్పి పంపాలో కూడా రాస్తాను.