18వ రోజు తెల్లసొనలా సాగుతోంది, ఇది తెల్లబట్టేనా?

ప్రశ్న: అక్కలూ, నాకు 27. నెలసరి 32 రోజులకోసారి వస్తుంది. ప్రతినెలా 16, 17, 18 రోజుల్లో గుడ్డు తెల్లసొనలాంటిది జారుతోంది. మంట, దురద, వాసన లేవు. అత్తమ్మ ‘ఒంట్లో వేడి’ అని రోజూ సగ్గుబియ్యం జావ తాగిస్తున్నారు. ఎనిమిది నెలలుగా పిల్లల కోసం చూస్తున్నాం. 14వ రోజే ముఖ్యమని విని ఆ ఒక్కరోజే చూసుకుంటున్నాం.

జవాబు: జావ తాగు చెల్లీ, మంచిదే. కానీ నీది వేడీ కాదు, జబ్బూ కాదు. నెలసరి ఆగాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది, తర్వాత జిగురుగా, ఆపైన మీగడలా. అండం ఎదిగేకొద్దీ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి, గర్భాశయ ముఖద్వారం దగ్గర ఊరే ద్రవం పల్చబడి సాగుతుంది. వీర్యకణాలు అందులో ఈదుకుంటూ పైకి పోతాయి, ఐదు రోజుల దాకా బతకగలవు. అండానికి ఆయుష్షు ఒక్కరోజే. అది విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్ ఆ ద్రవాన్ని చిక్కబెట్టి దారి మూసేస్తుంది.

14వ రోజు అనేది 28 రోజులకు వచ్చేవాళ్ల లెక్క. అండం విడుదలైన సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది కాబట్టి వెనకనుంచి లెక్కపెట్టాలి. 32లో 14 తీసేస్తే? నీకు జారుతున్న రోజులే కదా! ఆ మూడు రోజులూ వదులుకోకండి.

కడుక్కోకముందే శుభ్రమైన వేలితో బయట తాకి చూడు. బొటనవేలు, చూపుడువేలు మెల్లగా విడదీస్తే అంగుళం దాకా తెగకుండా సాగాలి. నేను గోడ క్యాలెండర్‌లో చుక్కలు పెట్టేదాన్ని. మా అత్త పాల లెక్క అనుకునేది.

మరో జవాబు: నర్సుగా ఒక మాట. కలిసిన మర్నాటి తడిని చూసి పొరపడొద్దు, అది వీర్యం కావచ్చు. జలుబుకు సెట్రిజిన్‌లాంటి అలర్జీ మాత్రలు వేసుకుంటే ఈ ద్రవం ఆరిపోవచ్చు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉంటే అండం విడుదల కాకుండానే రెండుమూడుసార్లు సాగొచ్చు. విరిగిన పాలలా తెల్లగా పడి దురద ఉన్నా, పచ్చగా ఉన్నా, నీచువాసన వచ్చినా డాక్టర్‌కి చూపించాలి. ఏడాదైనా నెల తప్పకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి, నువ్వొక్కదానివే కాదు.

అడిగినామె: థాంక్స్ అక్కా. తర్వాత పిల్లలు వద్దనుకున్నప్పుడూ ఇదే లెక్క సరిపోతుందా?

మొదటి జవాబు: నేనైతే దీన్నొక్కదాన్నే నమ్మను. మా రెండోవాడు ఆ లెక్కలోనే పుట్టాడు.