హంపి టూరిజం డబ్బులు హంపి వాళ్ళకి చేరుతున్నాయా?

వైట్‌ఫీల్డ్_వాసు: లాంగ్ వీకెండ్ వస్తే చాలు, బెంగళూరులో ఉన్న మన తెలుగోళ్ళు సగం మంది హంపిలోనే తేలతారు, స్టేటస్‌ల నిండా రాతి రథమే. మరి మనం పెట్టే ఖర్చులో ఊరోళ్ళకి పోయేదెంత? రూమ్ హోస్పేటలో, క్యాబ్ ఇక్కడిది, టికెట్ 40 రూపాయలు ఆర్కియాలజీ వాళ్ళకి. ఊళ్ళో ఇచ్చింది ఒక ఆటోకి, రెండు బోండాలకి. పైగా 2011లో విరూపాక్ష గుడి ముందు బజారులో కాపురాలున్నోళ్ళని లేపేశారు. ఇది న్యాయమేనా?

పీణ్య_ప్రసాద్: న్యాయమే అంటాను, తిట్టుకోండి. రాయల కాలం నాటి మండపాల్లో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఇటుక గోడ లేపి, పైన రేకులేసి, షాపులు పెడితే చూస్తూ ఊరుకోవాలా? 1986లో వచ్చిన యునెస్కో గుర్తింపు, తుంగభద్ర అవతల ఆనెగొంది దగ్గర కట్టబోయిన వంతెనల గొడవతో 1999లో డేంజర్ లిస్టులోకి పోయింది, 2006 దాకా బయటికి రాలా. అది పోతే టూరిస్టూ పోతాడు, అప్పుడు ఎవడి దగ్గర అమ్ముకుంటారు బ్రో?

హిందూపురం_పిల్ల: ప్రసాదన్నా, ఆ వంతెన ఎవరి కోసం అనుకున్యావ్? ఏరు దాటాలంటే పుట్టి ఎక్కాల్సిన జనం కోసం. రథం బొమ్మ 50 నోటు మీదికెక్కింది, ఊరోళ్ళు మాత్రం పుట్టిలోనే ఉండాల్నా? బజారోళ్ళకి కడ్డిరాంపురలో స్థలాలు ఇచ్చినారు సరే, బేరం ఎవరిచ్చినారు? వాళ్ళ ఆస్తి ఆ గోడలు కాదు, గుడి గేటు ముందర ఉండడమే వాళ్ళ ఆస్తి. అక్కడ టీ అమ్మేటోడిని ఊరి బయట కూర్చోబెడితే ఎవరొస్తారప్పా, కుక్కలు తప్ప!

వైట్‌ఫీల్డ్_వాసు: హంపి ఎదురుగా ఏటిలో ఉన్న లంక, విరూపాపుర గడ్డె సంగతీ అంతే కదా. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఏటవతల రిసార్టులన్నీ కూల్చేశారు, జనం సణాపూర్ వైపు మళ్ళారు. రిసార్టు వాళ్ళు ఇంకోచోట కట్టుకుంటారు, వాళ్ళకి రూములు ఊడ్చినోళ్ళు ఏమైపోవాలి?

పీణ్య_ప్రసాద్: రూల్ తప్పి కట్టినదానికి ఏడుపెందుకు. ఆనెగొందిలో ఆడవాళ్ళు అరటినారతో బుట్టలు, సంచులు అల్లి అమ్ముతున్నారు, దానికి ఒక్క మండపం కూడా చెడగొట్టక్కర్లేదు. అలాంటివి పెంచండి అంటున్నా.

హిందూపురం_పిల్ల: బుట్టలతో ఎన్ని ఇళ్ళు గడుస్తాయన్నా, నిజంగా అడుగుతాండా. నా భయం వేరే. మా పక్కన లేపాక్షి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది, అంటే ట్యాగ్‌కి ముందు మెట్టు. గుడిని ఆనుకునే ఊరు. కేంద్రం కాపాడే కట్టడం కాబట్టి చుట్టూ 100 మీటర్లలో కొత్తగా కట్టకూడదు, ఆ తర్వాత 200 మీటర్లలో పర్మిషన్ లేకుండా కుదరదు. కొడుక్కి పెళ్ళయితే పైన ఒక గది వేసుకోను కూడా ఉండదు. టూరిస్టేమో పొద్దున బెంగళూరులో బయల్దేరి వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి, నంది దగ్గర ఫోటో దిగి, మధ్యాన్నం భోజనానికి హైవే మీద హోటల్ చూసుకుంటాడు.

పీణ్య_ప్రసాద్: అయితే లేపాక్షికి యునెస్కో ట్యాగ్ వద్దంటావా?

హిందూపురం_పిల్ల: రానీ. కానీ పార్కింగ్ కాంట్రాక్టు, గుడి ముందర షాపులు, గైడ్ లైసెన్సులు, ఇవన్నీ ముందు ఊరోళ్ళకే అని కాయితం మీద రాసినాంక రానీ. ట్యాగ్ వచ్చినాంక అడిగితే ఎవడిస్తాడు?