పల్లెలో కూరగాయలు చవకంటారు, నిజమేనా?

కోదాడ కుర్రోడు:
అమ్మావాళ్లది సూర్యాపేట జిల్లాలో ఓ పల్లె. మేం హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాం. మొన్న ఊరెళ్తే, అమ్మ ఆటో దగ్గర కిలో బెండకాయలు 60 పెట్టి కొంటోంది. అవే ముందురోజు మా దగ్గర రైతుబజారులో 40. "ఊళ్లో వాళ్లకేం, పెరట్లో కాస్తాయి" అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కేంద్రం చేసిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే తీసి చూశా. దేశం మొత్తం మీద పల్లెలో మనిషికి నెల ఖర్చు 4,122 రూపాయలు, అందులో కూరగాయలకు 6.03 శాతం. పట్నంలో 6,996, కూరగాయలకు 4.12 శాతమే. భారం పల్లె మీదే ఎక్కువని నేనంటా. కాదంటారా?

లెక్కల మాస్టారు:
శాతాలు చూసి మోసపోకు బాబూ. గుణించి చూడు. పల్లెలో మనిషికి నెలకు దాదాపు 249, పట్నంలో 288. ఎక్కువ పెడుతున్నది పట్నం వాళ్లే. వాళ్లకు అద్దె, ఫీజులు, పెట్రోలు ఉంటాయి గనక కూరగాయల శాతం చిన్నదిగా కనిపిస్తోంది. పైగా అది దేశం లెక్క. అదే సర్వేలో పల్లె ఖర్చు ఆంధ్రలో 5,327, తెలంగాణలో 5,435. దేశం శాతం తెచ్చి కోదాడకు అంటించకు.

కోదాడ కుర్రోడు:
అంటించను మాస్టారూ. కానీ మొత్తం ఖర్చులో పట్నానికీ పల్లెకూ తేడా 70 శాతం, కూరగాయల్లో 16 శాతమే. జేబు చిన్నది, సంచి మాత్రం దాదాపు అంతే. నేనడిగేది ఆ సంగతే.

పాలమూరు పిల్ల:
పెరడు ముచ్చట మా దిక్కు మర్చిపోండి అన్నా. బీరపాదు పెడితే పిందె మీదున్నప్పుడే కోతులు పీకి పారేస్తాయి. మా నాన్న వల కట్టారు, దాన్నీ చింపాయి. ఇప్పుడు పాదులే పెట్టట్లేదు. మునుపు పత్తి చేలో గట్టు మీద బెండ, గోంగూర, సాళ్ల మధ్య దోస ఉండేవి. కలుపు మందు కొట్టడం మొదలయ్యాక అవీ పోయాయి. ఆరెకరాలున్న ఇంట్లో కొత్తిమీర కట్ట కొనుక్కుంటున్నాం!

ఆటో కూరగాయలు:
కుర్రోడు చెప్పిన ఆటో లాంటిదే నాదీ, అందుకే రాస్తున్నా. తెల్లారుజామున మూడింటికి టౌన్ మార్కెట్లో కొంటాను. అక్కడ కమీషన్, హమాలీ, తర్వాత డీజిల్. పది ఊళ్లు తిరిగేసరికి ఆకుకూర వాడిపోతుంది, ఆ నష్టం కూడా బెండకాయ మీదే వేయాలి. ఊరి పక్క పండిన సరుకే టౌనుకెళ్లి నా ఆటోలో మళ్లీ ఊరికొస్తుంది. 1999లో పెట్టిన రైతుబజార్లు దళారీ లేకుండా అమ్మడానికే, కానీ ఎక్కువగా టౌన్లలోనే ఉన్నాయి. 2023 జులైలో టమాటా వంద దాటినప్పుడు ఆంధ్రలో ప్రభుత్వం కిలో 50కి ఇచ్చింది, అదీ రైతుబజార్లలోనే. నా దగ్గర కొనే ఆడవాళ్లు ఆ నెలంతా చింతపండు పులుసుతోనే లాగించారు. నన్ను తిట్టుకున్నారు కూడా, అది వేరే సంగతి.

కోనసీమ కోడలు:
అన్ని పల్లెలూ ఒకటి కాదండి. మా అత్తగారి పెరట్లో కంద, ములక్కాడ, అరటి, తోటకూర ఎప్పుడూ ఉంటాయి. కొనేది ఉల్లి, బంగాళాదుంప, టమాటా. ఇంకో మాట. ఆ సర్వేలో పెరట్లో కోసుకున్నదాన్ని కూడా ఖర్చు కిందే రాస్తారు, పొలం దగ్గరి ధర కట్టి. కాబట్టి ఆ 249 అంతా జేబులోంచి తీసిన డబ్బు కాదు.

లెక్కల మాస్టారు:
చూశావా? అమ్మగారు ఆటోకి నెలకి ఎంతిస్తున్నారో అడుగు బాబూ, అప్పుడు మాట్లాడదాం.

కోదాడ కుర్రోడు:
ఇప్పుడే ఫోన్ చేశా. "లెక్కలెందుకురా, ఈసారి వచ్చేటప్పుడు మీ రైతుబజారులో రెండు సంచులు నింపుకొని రా" అంది.